యంత్రం తిరస్కరించిందా, మీరు తిరస్కరించారా?

సందేహం: మాది మండల స్థాయి ప్రభుత్వ కార్యాలయం. పింఛన్ల దరఖాస్తులు కంప్యూటర్ వడపోతకు వెళ్లి తిరిగి మా దగ్గరికి వస్తాయి. అర్హత లేదని తేలినవారికి తెలుగులో ఉత్తరం పంపాలి. మాకిచ్చిన నమూనాలో “మీ దరఖాస్తు కృత్రిమ మేధ ద్వారా తిరస్కరించబడినది” అని ఉంది. ‘బడు’ ప్రయోగం తెలుగుకు సహజం కాదని చదువుకున్నాను కాబట్టి “మీ దరఖాస్తును కృత్రిమ మేధ తిరస్కరించింది” అని దిద్దాను. మొదటిదే మర్యాదగా ఉందని మా పై అధికారి అంటున్నారు. ఏది సరి? ‘బాధ్యతాయుతమైన కృత్రిమ మేధ’ అని శిక్షణ తరగతుల్లో తరచు వింటున్నాం. అది సరైన ప్రయోగమేనా? మేధ అనాలా, మేధస్సు అనాలా? – ఒక ఉద్యోగిని

సమాధానం: మీ దిద్దుబాటు వ్యాకరణానికి నిలుస్తుంది. మీ పై అధికారి వాక్యాన్నీ తప్పని కొట్టివేయలేం. అయినా ఆ ఉత్తరంలో ఈ రెండు వాక్యాలూ ఉండకూడదనే అంటాను.

ముందు ‘బడు’ సంగతి. “రామునిచే రావణుడు చంపబడెను” అని బడిలో వల్లె వేయని తెలుగువారు తక్కువ. బడి దాటాక ఆ వాక్యాన్ని నోటితో పలికినవారు ఇంకా తక్కువ. దాన్ని పూర్తిగా వెలి వేయాలని నేననను. కాని తెలుగు వాక్యానికి ఒక మంచి గుణం ఉంది. కర్తను చెప్పకుండా వదిలేసినా క్రియ చివర అతడి జాడ మిగులుతుంది. ‘తిరస్కరించాను’ అంటే నేను, ‘తిరస్కరించాము’ అంటే మేము, ‘తిరస్కరించారు’ అంటే వారు. ‘తిరస్కరించబడింది’ అన్నప్పుడు ఆ ‘ఇంది’ దరఖాస్తుకు చెందిన ప్రత్యయం, తిరస్కరించినవారిది కాదు. చేసినవారి ఆనవాలు వాక్యంలో ఎక్కడా ఉండదు. మన కార్యాలయాలు ఇంతకన్నా గట్టి పద్ధతి కూడా కనిపెట్టాయి: “ఇందుమూలముగా తెలియజేయడమైనది”, “తిరస్కరించడమైనది”. వానాకాలం రావడమైనది అన్నట్టుగా, ఎవరూ ఏమీ చేయకుండానే పనులు జరిగిపోతుంటాయి. మీ పై అధికారికి మర్యాదగా తోచింది ఈ నిశ్శబ్దమే.

ఇక ‘ద్వారా’. “తపాలా ద్వారా పంపారు”, “బ్యాంకు ద్వారా చెల్లించారు” అంటాం. పంపిన మనిషి ఒకరు, మధ్యలో దారి ఒకటి. మీ నమూనా వాక్యంలో దారి ఉంది, ఆ దారిన నడిచినవారు లేరు. ‘చేత’ అని మార్చినా లాభం లేదు. పాత భాషలో ‘చేత’ కర్తకూ, పనిముట్టుకూ రెండింటికీ వచ్చేది. ఈనాటి వాడుకలో పనిముట్టుకు ‘తో’ స్థిరపడింది: కత్తితో కోశాడు, కలంతో రాశాడు. ‘చేత’ ఎక్కువగా మనుషులకే మిగిలింది: పిల్లలచేత చదివించారు, కూలీలచేత మోయించారు. అందువల్ల ‘కృత్రిమ మేధ చేత తిరస్కరించబడింది’ అంటే యంత్రాన్ని మరో గుమస్తాగా కుర్చీలో కూర్చోబెట్టినట్టే.

మీ దిద్దుబాటు చేసింది కూడా అదే. ‘బడు’ను తీసేశారు, ఖాళీ అయిన కర్త స్థానంలో యంత్రాన్ని పెట్టారు. ప్రాణం లేనిది కర్త కాకూడదా అని మీరు అడగవచ్చు. అవుతుంది. ప్రభుత్వం ప్రకటించింది, కోర్టు కొట్టివేసింది, కమిటీ తేల్చింది అని రోజూ రాస్తున్నాం. ఇవన్నీ మన వ్యాకరణంలో అమహత్తులే, అంటే పురుషవాచకాలు కాని పదాలే. యంత్రానికి వచ్చే ‘ఇంది’యే వీటికీ వస్తుంది. చూడటానికి ఒకేలా ఉన్నా తేడా ఉంది. కోర్టు కొట్టివేస్తే పై కోర్టుకు వెళ్తాం, ప్రభుత్వం కాదంటే అర్జీ పెట్టుకుంటాం. ఆ ‘ఇంది’ వెనక మనుషులున్నారు, చిరునామా ఉంది. ‘కృత్రిమ మేధ తిరస్కరించింది’ అన్న ఉత్తరం అందుకున్న ముసలమ్మ ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఈ చిక్కును మన పూర్వ వ్యాకర్తలు చాలా లోతుగా చర్చించారు. సంస్కృత వ్యాకర్త పాణిని ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు. పనిలో స్వతంత్రుడెవరో అతడే కర్త. పని నెరవేరడానికి అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడేది కరణం, ‘సాధకతమం కరణమ్’. మరి ‘కుండ వండుతోంది’, ‘కట్టెలు వండుతున్నాయి’ అని కూడా అంటారు కదా అనే ప్రశ్నను పాణిని వ్యాకరణానికి రాసిన వ్యాఖ్య మహాభాష్యంలో పతంజలి ఎత్తుకున్నాడు. చెప్పేవారు దేనికి స్వాతంత్ర్యం ఉన్నట్టు చెప్పదలిస్తే అది కర్త అవుతుంది, దానికి వివక్షే ఆధారమని ఆ సంప్రదాయం తేల్చింది. వివక్ష అంటే అక్కడ చెప్పదలచుకోవడం. ఈ రోజుల్లో యంత్రాల తీర్పుల గురించి మాట్లాడేటప్పుడు ఆ మాటనే వేరే అర్థంలో, పక్షపాతమని వాడుతున్నాం. మీ ఉత్తరం విషయంలో రెండు అర్థాలూ పనికివస్తాయి. యంత్రాన్ని కర్తగా నిలబెట్టడం వ్యాకరణం విధించిన నియమం కాదు, రాసేవారు ఎంచుకున్న పద్ధతి. కాబట్టి ఎందుకలా ఎంచుకున్నారని రాసినవారిని అడగవచ్చు.

‘స్వతంత్రః కర్తా’ వెంటనే పాణిని చెప్పిన సూత్రం ఇంకా బాగా అతుకుతుంది: ‘తత్ప్రయోజకో హేతుశ్చ’. చేసేవాడిచేత చేయించేవాడు కూడా కర్తే. వడపోతకు ఏ రికార్డులు తీసుకోవాలో, ఎన్ని ఎకరాలు దాటితే అనర్హతో, పేర్లు ఎంతవరకు పోలితే ఒకే మనిషి అనుకోవాలో ఎవరో కూర్చుని నిర్ణయించారు. యంత్రానికి కొంత కర్తృత్వం ఇచ్చినా, వారి కర్తృత్వం పోదు.

ఇది కేవలం పండితుల చర్చ అనుకోకండి. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, ఒక కుటుంబానికి వాహనం ఉందా, ఆస్తి ఉందా, ఉద్యోగం ఉందా అని అంచనా కడుతుంది. ఆ రాష్ట్రంలో లక్షల రేషన్ కార్డులు రద్దయిన వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. రద్దు చేసిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఇలాంటి వ్యవస్థల్లో పొరపాటు ఎక్కడ పుడుతుందో భాష తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పట్టాదారు పుస్తకంలో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది, వాహనం రిజిస్ట్రేషన్‌లో ఇంటిపేరు చివరికి వెళ్తుంది. శ్రీనివాసరావు ఇంగ్లిషు అక్షరాల్లో ఒకచోట కలిసి, ఒకచోట విడిపోయి, మరోచోట ‘రావు’ లేకుండా ఉంటాడు. మొదటి అచ్చును ఒక గుమస్తా ఒక్క అక్షరంతో రాస్తే, ఇంకొకరు రెండు అక్షరాలతో రాస్తారు. ఒకే మనిషి ముగ్గురవుతాడు. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకరైపోతారు. పేరు పోలిన మరొకరి కారు తమ ఖాతాలో పడి సాయం ఆగిపోయినవారి కథనాలు పత్రికల్లో వచ్చాయి. అలాంటి చోట “కృత్రిమ మేధ తిరస్కరించింది” అని రాస్తే, కారు ఎవరిదో తిరిగి చూడవలసిన మనిషి వాక్యంలోంచి జారుకున్నట్టే.

జారుకోవడానికి ‘బడు’ అక్కరలేదని కూడా గమనించండి. అచ్చతెలుగులోనే అందుకు చక్కని సౌకర్యం ఉంది. ‘వర్షానికి గోడ కూలింది’, ‘గాలికి తలుపు తెరుచుకుంది’ అన్నట్టు, ప్రాణం లేని శక్తులను మనం చాలాసార్లు కర్తగా నిలబెట్టం. ‘కి’ తగిలించి పక్కన పెడతాం, పని తనంతట తానే జరిగినట్టు చెబుతాం. గాలీ వానల విషయంలో అది అందమైన నుడికారం. కార్యాలయంలో అదే నుడికారం ‘కార్డు ఎగిరిపోయింది’, ‘జాబితాలో పేరు పోయింది’, ‘సిస్టం తీసుకోవడం లేదు’ అవుతుంది. ఎగిరిపోవడానికి అది పిట్ట కాదు, ఎవరో తీసేశారు. అందుకే ‘బడు’ను వెళ్లగొట్టగానే వాక్యం నిజాయితీగా మారిపోతుందన్న భ్రమ నాకు లేదు.

రేషన్ దుకాణంలో వినపడే మరో మాట చూడండి: “మీ వేలిముద్ర పడటం లేదు.” నాట్లు వేసి, రాళ్లు మోసి వేళ్ల గీతలు అరిగిపోయిన కూలీ మళ్లీ మళ్లీ వేలు తుడుచుకుని ఆ అద్దం మీద నొక్కుతాడు. తప్పు తన వేలిదే అన్నట్టు చీర కొంగుతో రుద్దుకునే ఆడవాళ్లూ ఉంటారు. ఆ వాక్యంలో కర్త స్థానంలో ఉన్నది వేలిముద్ర, అంటే ఆ మనిషే. నిజానికి ఇక్కడ కర్తగా ఉండవలసింది యంత్రం: “యంత్రం మీ వేలిముద్రను గుర్తించలేదు.” కాబట్టి యంత్రాన్ని ఎప్పుడూ కర్త చేయవద్దని నేను చెప్పడం లేదు. అది నిజంగా చేసిన పనికీ, చేయలేకపోయిన పనికీ దాన్నే కర్తగా పెట్టాలి. చదివింది, లెక్క కట్టింది, పోల్చింది, గుర్తించలేదు, పొరబడింది – ఇవి దానికి చెల్లుతాయి. నిర్ణయించింది, తిరస్కరించింది, అనుమతించింది – ఇవి అధికారం ఉన్నవారి క్రియలు. ‘అనుమానించింది’, ‘భావించింది’ అనేవి కథల్లో రాసుకోవచ్చు, ఉత్తర్వుల్లో వద్దు.

న్యాయస్థానాలూ ఈ తేడానే పట్టుకుంటున్నాయి. కెనడాలో ఒక ప్రయాణికుడికి ఎయిర్ కెనడా వెబ్‌సైటులోని చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు సమాచారం ఇచ్చింది. ఆ చాట్‌బాట్ ఒక వేరే అస్తిత్వమనీ, దాని పనులకు అదే బాధ్యత వహించాలనీ అన్నట్టుగా సంస్థ వాదించింది. బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్ 2024లో ఆ వాదనను తోసిపుచ్చి, పరిహారం చెల్లించమంది. మన న్యాయవాదులు కారణాలు చెప్పే ఉత్తర్వును ‘స్పీకింగ్ ఆర్డర్’ అంటారు. మీ నమూనా ఉత్తరంలో కర్తా లేదు, కారణమూ లేదు. అడుగున “ఇది కంప్యూటర్ ద్వారా రూపొందించబడినది, సంతకం అవసరం లేదు” అని కూడా ఉండే ఉంటుంది.

ఇలా రాసి చూడండి: “మీ దరఖాస్తును పరిశీలించాము. మీ కుటుంబానికి నాలుగు చక్రాల వాహనం ఉన్నట్టు రవాణా శాఖ రికార్డులతో పోల్చినప్పుడు కంప్యూటర్ చూపింది. ఈ కారణంగా మీ దరఖాస్తును తిరస్కరించాము. ఆ వాహనం మీది కాకపోతే ఈ ఉత్తరంతో మా కార్యాలయానికి రండి. మేము స్వయంగా విచారించి సరిచేస్తాము.” కింద హోదా, సంతకం, ఫోను నంబరు. ఇందులో కంప్యూటర్ దాని పని అది చేసింది, మీరు మీ పని చేశారు. ‘తిరస్కరించాము’ అని రాయడానికి చేయి ఆడకపోతే, ఆ ఫైలును మనిషి ఎవరూ చూడలేదన్నమాట. అప్పుడు ఉత్తరాన్ని ఆపి ఫైలును తెరవాలి. ఈ ముక్క మీ పై అధికారికి చూపించండి. మర్యాద ‘మీ’లోనూ ‘రండి’లోనూ ఉంది, ‘బడినది’లో లేదు.

‘బాధ్యతాయుతమైన కృత్రిమ మేధ’ సమాసంగా సాధువే. బాధ్యతతో కూడినది అని అర్థం. కాని తెలుగులో విశేషణం పక్కనున్న నామాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ‘బాధ్యతాయుతమైన అధికారి’ అంటే బాధ్యత అధికారిదైనట్టు, ఇక్కడ బాధ్యత మేధకే అంటుకుంటుంది. ‘నైతిక కృత్రిమ మేధ’దీ అదే కథ, నీతిమంతమైన యంత్రం ఒకటి మార్కెట్లోకి వచ్చిందేమో అనిపిస్తుంది. యునెస్కో 2021లో ఆమోదించిన సిఫారసు బాధ్యతను ఎప్పుడూ మనుషులకో, చట్టం గుర్తించిన సంస్థలకో ఆపాదించగలిగేలా ఉండాలంటుంది. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా, ఒక వ్యక్తిని ప్రభావితం చేసే నిర్ణయానికి వాడే సమాచారం పూర్తిగా, కచ్చితంగా ఉండేలా చూసే పనిని ఆ సమాచారాన్ని వాడేవారిమీదే పెట్టింది. శీర్షికలకు ఆ సమాసం వాడుకోండి. వాక్యంలోకి వచ్చేసరికి ‘కృత్రిమ మేధను బాధ్యతతో వాడటం’, ‘కృత్రిమ మేధ వాడకంలో నీతి’ అనండి. ‘వాడటం’ అనగానే ‘ఎవరు?’ అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది.

మేధ, మేధస్సు రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే, రెండూ వాడుకలో ఉన్నాయి. పత్రికలు ‘మేధ’ను ఎక్కువగా వాడుతున్నాయి, పలకడానికీ సులువు. ఒక ఉత్తరంలో ఒకటే వాడండి. నిజానికి మీ ఉత్తరానికి రెండూ అక్కరలేదు. దరఖాస్తుదారుకు ‘కంప్యూటర్’ చాలు.