మందు, సిగరెట్ కంపెనీల షేర్లకి నష్టమే రాదా? ఒంగోలు నుంచి ఒక చెల్లెలి ప్రశ్న

ప్రశ్న: సర్, మాది ఒంగోలు. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, మావారు మెడికల్ షాపులకి మందులు వేసే డిస్ట్రిబ్యూటర్ దగ్గర పని చేస్తారు, ఇద్దరిదీ కలిపి నెలకి 85 వేలు వస్తాయి. ఇద్దరం కట్టిన చీటీ పూర్తయి 6 లక్షలు చేతికొచ్చాయి. అది మొత్తం సిగరెట్ల ఐటీసీ, మందు తయారుచేసే యునైటెడ్ స్పిరిట్స్, ఇంకా గోవా క్యాసినోల డెల్టా కార్ప్ షేర్లలో పెడదామని మావారి పట్టు. జనం తిండి మానినా మందూ సిగరెట్టూ మానరు, వీటికి నష్టం రాదు అంటారు. ఆల్రెడీ 300 ఐటీసీ షేర్లు ఆయన పేరు మీద ఉన్నాయి. మా నాన్న తాగి తాగి లివర్ పాడై 52 ఏళ్ళకే పోయారు సర్, ఆ వ్యాపారం డబ్బు మా ఇంట్లోకి రావడం నాకు ఇష్టం లేదు. సెంటిమెంట్ అని కొట్టిపారేస్తున్నారు. పాప ఆరో క్లాసు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన దాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి, ఈ షేర్లు సేఫా కాదా అన్నది ఒకటి, నాకు ఇష్టం లేదు అనే హక్కు నాకుందా అన్నది ఇంకొకటి. రెండోదానికి ఇప్పుడే చెప్పేస్తా, ఉంది. చీటీ ఇద్దరూ కట్టారు కాబట్టి ఆ 6 లక్షల మీద మీ మాటకి మీవారి మాటతో సమానంగా విలువ ఉంది, మీ నాన్నగారి విషయం పక్కన పెట్టినా సరే.

ఇక మొదటిది. మీవారు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు, అది ముందు ఒప్పుకుందాం. ఐటీసీ 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో పేరుతో మొదలైన కంపెనీ, ఈరోజు ఆశీర్వాద్ పిండి, బిస్కెట్లు, నోటు పుస్తకాలు ఎన్ని అమ్మినా లాభంలో పెద్ద వాటా ఇప్పటికీ సిగరెట్లదే. 2003 చట్టంతో పొగాకు యాడ్స్ ఆగిపోయాయి, 2010 నుంచి సిగరెట్ తయారీలోకి విదేశీ పెట్టుబడి రానివ్వట్లేదు, పైకి చూస్తే ఇవి కంపెనీకి దెబ్బలా కనిపిస్తాయి గానీ జరిగింది వేరే, కొత్తగా ఎవడైనా వచ్చి యాడ్ ఇచ్చి బ్రాండ్ నిలబెట్టే దారే లేకుండా పోయింది కాబట్టి పాత కంపెనీలకి పోటీ తగ్గింది. లాభం బాగా వస్తుంది, పెద్దగా కొత్త ఫ్యాక్టరీలు కట్టే పని ఉండదు, మిగిలిన డబ్బు డివిడెండ్‌గా పంచుతారు. 2024-25కి ఐటీసీ షేరుకి 14.35 రూపాయలు ఇచ్చింది, అంటే మీ 300 షేర్లకి 4,305 రూపాయలు (2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద టాక్స్ మన శ్లాబ్ ప్రకారం మనమే కట్టాలి, అది లెక్కలో వేసుకోండి).

మరి తేడా ఎక్కడ? అలవాటు పడ్డ మనిషి మానడు, నిజమే, కానీ ఆ మనిషి ఇచ్చే రూపాయిలో ఎంత గవర్నమెంట్ తీసుకోవాలో ఎంత కంపెనీకి వదలాలో గవర్నమెంటే డిసైడ్ చేస్తుంది, ఎప్పుడైనా మారుస్తుంది, షేర్ పెట్టుకున్న మనల్ని అడగదు. 2017 జూలైలో జీఎస్టీ కౌన్సిల్ సిగరెట్ మీద సెస్ (పన్ను మీద వేసే అదనపు పన్ను) పెంచింది, మర్నాడు ఒక్క రోజులోనే ఐటీసీ షేర్ 12 శాతం పైన పడిపోయింది. అంతకుముందు 350 దాకా వెళ్ళిన షేర్ 2020 మార్చికి 150 కిందకి వెళ్ళింది, మళ్ళీ ఆ 350 చూడ్డానికి 2022 అక్టోబర్ దాకా పట్టింది. అయిదేళ్ళు! ఈలోపు 50 పెద్ద కంపెనీల షేర్ల ఇండెక్స్ (సూచీ) అయిన నిఫ్టీ పది వేల దగ్గర నుంచి పదిహేడు వేలు దాటింది. ఆ అయిదేళ్ళూ జనం సిగరెట్ మానలేదు, కంపెనీకి నష్టమూ రాలేదు, అయినా షేర్ పెట్టుకున్నవాళ్ళకి డివిడెండ్ తప్ప ఇంకేం మిగల్లేదు. మొన్న 2026 జనవరి 1న కూడా కొత్త ఎక్సైజ్ డ్యూటీ వార్తతో ఒకే రోజు 10 శాతం దాకా పడింది.

మందు కంపెనీల సంగతి మన తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మీ పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించడంతో మొదలైన ఉద్యమం 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆంధ్రలో 2019లో షాపులన్నీ గవర్నమెంట్ చేతిలోకి తీసుకుంది, పేరున్న బ్రాండ్లు చాలావరకు కనపడకుండా పోయాయి, 2024 అక్టోబర్‌లో మళ్ళీ ప్రైవేట్ షాపులు వచ్చాయి. తెలంగాణలో కంపెనీలు అమ్మేది గవర్నమెంట్ బేవరేజెస్ కార్పొరేషన్‌కే, రేటు పెంచాలన్నా గవర్నమెంట్ ఒప్పుకోవాలి. అందుకే 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్, 2019-20 నుంచి రేటు పెంచలేదు, బకాయిలు ఇవ్వట్లేదు అని సప్లై ఆపేసింది, కొద్ది రోజులకి మళ్ళీ మొదలెట్టింది, ఫిబ్రవరిలో రేటు 15 శాతం పెరిగింది. ఎలక్షన్ కి ఎలక్షన్ కి రూల్ మారిపోయే వ్యాపారం ఇది. ప్రతి రాష్ట్రానికీ ఒక పాలసీ, బీహార్‌లో అయితే 2016 నుంచి నిషేధమే. తాగేవాళ్ళు ఉంటారు కాబట్టి రిస్క్ లేదు అనే మాట ఈ చరిత్ర తెలిసినవాళ్ళు అనకూడదు.

క్యాసినో షేర్ గురించి ఎక్కువ చెప్పను, వద్దు. 2023 సెప్టెంబర్‌లో డెల్టా కార్ప్‌కి 11 వేల కోట్లు దాటి జీఎస్టీ నోటీసు వచ్చింది, అది అప్పటి ఆ కంపెనీ మొత్తం మార్కెట్ విలువకి రెట్టింపు పైనే, షేర్ ఒక్క రోజులో దాదాపు 20 శాతం పడింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని పార్లమెంట్ దేశమంతా బ్యాన్ చేసింది, రెండ్రోజుల్లో బిల్లు పాసై ఒక రంగమే ఆగిపోయింది. పాప చదువు డబ్బు అలాంటి చోట పెట్టే ఆలోచన దయచేసి మానుకోండి.

ఇప్పుడు మీ మనసులో ఉన్నది. మీరు ఆ షేర్లు కొనకపోతే ఒక్క సీసా కూడా తక్కువ అమ్ముడుపోదు, ఎందుకంటే మార్కెట్లో కొన్నప్పుడు మన డబ్బు కంపెనీకి వెళ్ళదు, ఆ షేర్ అమ్మినవాళ్ళకి వెళ్తుంది. కాబట్టి కొనకపోవడం వల్ల లోకం మారుతుందని నేను చెప్పను. కానీ షేర్ అంటే ఆ వ్యాపారంలో వాటా. మూడు నెలలకోసారి రిజల్ట్స్ వస్తాయి, ఎన్ని పెట్టెల మందు ఎక్కువ అమ్ముడయింది అనేదే అందులో మొదటి వార్త, అది పెరిగితే షేర్ పెరుగుతుంది, మీరు సంతోషపడాలి. నాన్నని ఆ మందుకే పోగొట్టుకున్న మనిషి ఆ వార్త కోసం ఎదురుచూస్తూ బతకాలా? అక్కర్లేదమ్మా. లిస్టయిన కంపెనీలు వేలల్లో ఉన్నాయి.

దీనికి డబ్బు కోణం కూడా ఉంది, మీవారికి ఇది చెప్పండి. ఇంట్లో ఒకరికి ఇష్టం లేని షేర్ పడ్డప్పుడు ఎక్కువ రోజులు నిలవదు. పెరుగుతున్నంత కాలం ఎవరూ ఏమీ అనరు, 350ది 150 అయిన రోజు మాత్రం ఆ పాత గొడవ మళ్ళీ లేస్తుంది, ఎలాగూ పాపపు డబ్బే కదా అమ్మేయండి అంటారు, సరిగ్గా అమ్మకూడని రోజున అమ్మేస్తారు. పదేళ్ళు పెట్టుకుంటేనే ఫలితం ఇచ్చే దాన్ని పదేళ్ళు పెట్టుకునే మనసు ఇద్దరికీ ఉండాలి.

పూర్తిగా దూరంగా ఉండడం మాత్రం కుదరదు, అది కూడా తెలుసుకోండి, తర్వాత తెలిసి బాధపడొద్దు. ఐటీసీలో ఎల్ఐసీకి 15 శాతం దాకా వాటా ఉంది, పీఎఫ్ సంస్థ 2015 నుంచి నిఫ్టీ, సెన్సెక్స్ ఈటీఎఫ్‌లలో (ఆ ఇండెక్స్‌లోని షేర్లన్నీ కలిపి కొనే ఫండ్స్) పెడుతోంది, వాటిల్లోనూ ఐటీసీ ఉంటుంది. మీ ఊళ్ళో పొగాకు వేలం జరిగితే సగం బజారు కళకళలాడుతుంది, ఆ రైతుల పిల్లలు మీ క్లాసులోనే కూర్చుని ఉంటారు, వాళ్ళ తప్పేం లేదు. ఇండెక్స్‌లో నూటికి రెండు మూడు రూపాయలు ఉండడం వేరు, ఏరి కోరి 6 లక్షలూ అక్కడే పెట్టడం వేరు. అదీ వద్దనుకుంటే నిఫ్టీ 100 ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీని నడిపే తీరు చూసి ఎంచేది) ఇండెక్స్ ఉంది, పొగాకు, మద్యం, జూదం కంపెనీలని తీసేసి కట్టింది, దాని ఆధారంగా నడిచే ఫండ్స్ ఉన్నాయి, ఖర్చు నిఫ్టీ ఫండ్ కన్నా ఎక్కువేమో చూసుకుని కొనండి. షరియా (ఇస్లాం నియమాల) పద్ధతిలో నడిచే టాటా ఎథికల్ ఫండ్ లాంటివి కూడా మందూ సిగరెట్టూ ముట్టవు, కాకపోతే మామూలు బ్యాంకుల షేర్లు కూడా ఉండవు కాబట్టి బ్యాంకులు పరిగెత్తిన ఏడాది అవి వెనకబడతాయి.

6 లక్షలకి నేను చెప్పేది ఇది. మీ ఇంటి ఖర్చు నెలకి 50 వేలు అనుకుంటే ఆరు నెలలకి 3 లక్షలు, అది మీ ఇద్దరి పేరు మీద బ్యాంక్ ఎఫ్‌డీలో వేసి మర్చిపోండి, ప్రైవేట్ ఉద్యోగాలు కదా. మీవారికి టర్మ్ పాలసీ (జీవిత బీమా), ముగ్గురికీ హెల్త్ పాలసీ లేకపోతే అవి తీసుకున్నాకే మిగతా మాట. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్ళ లోపే తెరవాలి, పాప పేరు మీద ముందే ఉంటే కొంత అందులో కట్టండి, లేకపోతే ఇప్పుడు కుదరదు. మిగిలింది పాప ఇంటర్ తర్వాత చదువుకి, ఇంకా ఆరేడేళ్ళు టైం ఉంది, పైన చెప్పిన ఫండ్స్‌లో ఏదో ఒకదాంట్లో ఒకేసారి కాకుండా ఏడాది పాటు నెలనెలా పెట్టండి, పాప పదో క్లాసుకి వచ్చాక కొంచెం కొంచెంగా ఎఫ్‌డీలోకి మార్చేయండి. మీవారికి షేర్ల మీద సరదా ఉంటే ఆయన జీతంలోంచి నెలకి రెండు మూడు వేలు, అంతే, ఏ కంపెనీ అన్నది ఆయన ఇష్టం. దానికి మీరు కూడా అడ్డు చెప్పకండి.

ఆ 300 ఐటీసీ షేర్లు ఉంచాలా అమ్మాలా అన్నది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, తొందరేం లేదు. అమ్మితే, ఏడాది దాటిన షేర్లయితే ఆ ఏడాది లాభాలన్నీ కలిపి 1.25 లక్షల దాకా టాక్స్ లేదు, ఆ పైన 12.5 శాతం. ఇంకొకటి, 2025 జనవరిలో హోటళ్ళ వ్యాపారాన్ని విడగొట్టినప్పటికే మీ దగ్గర ఈ షేర్లు ఉండి ఉంటే పదికి ఒకటి చొప్పున 30 ఐటీసీ హోటల్స్ షేర్లు ఆయన డీమ్యాట్ ఖాతాలో (షేర్లు ఉండే ఖాతా) పడి ఉంటాయి, చాలామంది చూసుకోలేదు. అవి ఊరికే వచ్చాయని అమ్మిన మొత్తాన్నీ లాభంగా చూపించకండి, మీరు ఐటీసీ కొన్న ధరలోంచే కొంత వాటా వాటికి వేసుకోవాలి, ఆ నిష్పత్తి కంపెనీ షేర్‌హోల్డర్లకి చెప్పింది, రిటర్న్ వేసేవాళ్ళకి ఆ లెక్క ఇవ్వండి.