పోటు ఏ టైముకి?

తమ్ముడూ,

ఇక్కడి ఇంగ్లండు తూర్పు తీరం గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి టీ తాగుతూ, ఇంకోసారి పెన్సిలు పట్టుకుని. "మొహమాటం లేకుండా చెప్పండి మేడమ్" అన్నావు కాబట్టి చెబుతాను. ముందు ఆ మేడమ్ తీసెయ్, అక్కా అను చాలు.

నీకు వాక్యం పట్టుబడింది. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు, చాలా సంతోషం. కానీ మొదటి పేరాలోనే "నీలి సముద్రం, ఎగసిపడే కెరటాలు, బంగారు ఇసుక తిన్నెలు" అన్నావు. మాల్డన్‌లోనా? బ్లాక్‌వాటర్ నది సముద్రంలో కలిసే ఆ మొగలో నీళ్ళు నీకు ఎప్పుడు నీలంగా కనబడ్డాయి? అవి పాలు తక్కువైన టీ రంగులో ఉంటాయి. కెరటం మోకాలెత్తు లేచిందంటే గొప్పే. ఇసుక అక్కడక్కడా పిడికెడు, మిగిలిందంతా బురద. నువ్వు మాల్డన్ వెళ్ళి, ఇంటికొచ్చి, వైజాగ్ బీచ్ గురించి రాశావు.

తిట్టడం లేదురా. నేనూ అదే చేశాను. మెర్సీ దీవికి కాపురానికి వచ్చిన కొత్తలో ఒక కథ రాశాను. వేసవి, నిండు పున్నమి, రాత్రి ఏడున్నరకి కథానాయకుడు పడవలోంచి నేరుగా రేవు మెట్ల మీదికి దూకుతాడు. మా పక్కింట్లో జీవితమంతా ఆయిస్టర్లు, అదే మన ఆల్చిప్పలు, పట్టి బతికిన ముసలాయన ఉండేవాడు. ముచ్చటపడి కథంతా ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను. ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు: "పోటు ఏ టైముకి?"

నాకు అర్థం కాలేదు. ఆయనే వివరించాడు. ఇక్కడ పున్నమికీ అమావాస్యకీ వచ్చే పెద్ద పోటు ఎప్పుడూ మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ మధ్యే వస్తుంది, మళ్ళీ అర్ధరాత్రి దాటాక వస్తుంది. ఏ నెలైనా అంతే. అంటే పున్నమి నాడు రాత్రి ఏడున్నరకి ఆ రేవు దగ్గర పడవ తేలేంత నీరే ఉండదు. "మీ కుర్రాడు దూకితే మెట్ల మీద పడడు, నడుం లోతు బురదలో పడతాడు" అన్నాడాయన. నేనేమో వెన్నెల కోసం పున్నమి పెట్టుకున్నాను. ఆ చందమామే నీళ్ళని కూడా లాగుతుందని స్కూల్లో చదివిన సంగతి కథ రాసేటప్పుడు తట్టలేదు. కథ పత్రికలో అలాగే అచ్చయింది. తెలుగు పాఠకులెవరూ తప్పు పట్టలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అందుకే చెబుతున్నాను. ఈ తీరం గురించి రాసేటప్పుడు ఊరి పేరు కంటే ముందు టైము కావాలి. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి రోజురోజుకీ పోటు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నువ్వు ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి నిండుగా నీళ్ళు చూశావు. పై శనివారం అదే ఎనిమిదింటికి వెళ్ళు, కనుచూపు మేర బురద కనబడుతుంది. పడవలు పక్కకి ఒరిగి, పడుకున్న గేదెల్లా ఉంటాయి. రెండూ అదే ఊరు. నీ వ్యాసంలో ఉన్నది ఒక్క ఊరే.

సౌతెండ్‌లో ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన పియర్ గురించి "ఎంతో పొడవైన వంతెన" అని వదిలేశావు. అంత పొడవు ఎందుకయిందో అడగవేం? అక్కడ ఆటు టైములో నీళ్ళు మైలుకి పైగా వెనక్కి పోతాయి. లండన్ నుంచి జనాన్ని తెచ్చే స్టీమర్లు ఒడ్డుకి చేరలేకపోయేవి. 1830లో చెక్కతో కట్టినది తెరిచారు, చాల్లేదు, పొడిగించారు, 1889లో ఇనుముతో కొత్తది తెరిచారు. ఇప్పుడు 1.33 మైళ్ళు, మన లెక్కలో రెండు కిలోమీటర్ల పైచిలుకు. పారిపోతున్న సముద్రాన్ని వెంటబడి పట్టుకోడానికి కట్టినట్టుంటుంది. ఇంత మంచి సంగతి చేతిలో పెట్టుకుని "పొడవైన" అంటే ఎలా?

ఇక మాటలు. ఈ విషయంలో నువ్వు అదృష్టవంతుడివి, ఎందుకంటే నీకు తెలుగు వచ్చు. ఇంగ్లీషు మాటని డిక్షనరీలో వెతికి "లవణ చిత్తడి నేల" అని రాశావు. ఆ మాట ఎవరి నోటినుంచైనా విన్నావా? కృష్ణా, గోదావరి జిల్లాల తీరంలో అలాంటి నేలని పర్ర అంటారు. పర్రలోకి పాములా మెలికలు తిరిగి వచ్చే ఉప్పునీటి పాయ ఉప్పుటేరు. నది సముద్రంలో కలిసేది మొగ. సముద్రానికి అడ్డంగా పోసిన మట్టికట్ట కరకట్ట. నీళ్ళు తెచ్చి వదిలేసేది ఒండ్రు. ఇవన్నీ మనవాళ్ళ దగ్గర పనిచేస్తున్న మాటలు, వాడుకో. అయితే ఇంకో పేజీలో అదే పర్రని "మడ అడవి" అన్నావు. అదీ తప్పే. కోరింగలో ఉన్నట్టు ఇక్కడ మడచెట్లు లేవు, అసలు చెట్టే లేదు. మోకాలి కింద దాకా పెరిగే మొక్కలు మాత్రమే. ఎండాకాలంలో సీ లావెండర్ ఊదారంగు పూలు పూస్తుంది, చలి మొదలయ్యే ముందు గ్లాస్‌వర్ట్ ఎర్రబడుతుంది. మాట మనదే వాడు, నేల మాత్రం వాళ్ళదే ఉండనీ. ఈ రెండింటి మధ్య తేడా తెలిసేసరికి నాకు పదేళ్ళు పట్టింది.

అన్నిటికంటే ముఖ్యమైన దిద్దుబాటు ఒకటుంది. "1953 వరద" అని రాశావు. ఇంగ్లీషువాళ్ళు వరద అనే అంటారు, వాళ్ళకి రోజువారీ భాషలో వేరే మాట లేదు. వరద నదిది. అది ఉప్పెన. మా అమ్మమ్మది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 తర్వాత మా ఇంట్లో ఆ మాటని గొంతు తగ్గించే అనేవారు. కాబట్టి ఈ విషయంలో నేను కాస్త పట్టుదలగా ఉంటాను, ఏమనుకోకు.

1953 జనవరి 31, శనివారం. ఉత్తరం నుంచి పెనుగాలి, పైగా పెద్ద పోటు రోజులు. నార్త్ సీ కిందికి పోయే కొద్దీ ఇరుకవుతుంది, గాలి తోసుకొచ్చిన నీటికి పైకి లేవడం తప్ప దారి లేదు. సాయంత్రం ఏడు గంటల వేళకే అది లింకన్‌షైర్ తీరంలో ఇళ్ళని ముంచేసింది. థేమ్స్ మొగలో ఉన్న కాన్వే దీవికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మధ్యలో అన్ని గంటలున్నాయి తమ్ముడూ. ఆ గంటల్లో ఆ కబురు కాన్వేకి చేరలేదు. టెలిఫోను తీగలు తెగిపోయాయి, ఊరినుంచి ఊరికి హెచ్చరిక పంపే ఏర్పాటే అప్పటికి లేదు. జనం నిద్రపోతున్నారు. ఒక్క కాన్వేలోనే దాదాపు 60 మంది పోయారు, ఇంగ్లండు మొత్తమ్మీద 307 మంది. చాలామందిని చంపింది మునక కాదు, చలి. రాత్రి బట్టలతో కప్పుల మీదికెక్కి, తెల్లారేదాకా ఆగలేకపోయారు. నువ్వు దీన్ని రెండు వాక్యాల్లో "ప్రకృతి విలయతాండవం" అని ముగించావు. ఆ తాండవాలన్నీ కొట్టెయ్. ఏడు గంటలకి లింకన్‌షైర్, ఒంటిగంటకి కాన్వే. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఊరుకో.

ఉప్పు గురించి నువ్వు రాయలేదు, రాయొచ్చు. మెర్సీ చుట్టుపక్కల పర్రల్లో అక్కడక్కడా ఎర్రమట్టి దిబ్బలుంటాయి, రెడ్ హిల్స్ అంటారు. రోమన్ల కాలంలోనూ అంతకు ముందూ ఉప్పు వండిన చోట్లు. వండడమే! మన ఉప్పు మళ్ళలో ఎండ చేసే పని ఇక్కడి ఎండకి చేతకాదు, అందుకే మంట పెట్టి ఉప్పునీళ్ళు మరిగించేవారు. ఆ మంటకి కాలిన మట్టి రెండు వేల ఏళ్ళుగా ఎర్రగానే ఉంది. మాల్డన్‌లో ఇప్పటికీ ఉప్పునీళ్ళు వేడిచేసే ఉప్పు తీస్తారు.

ఇంకోటి గుర్తొచ్చింది. పూర్వం ఈ పర్రల్లో ఉండేవాళ్ళకి చలిజ్వరం పట్టుకుని వదిలేది కాదు, ఏగ్యూ అనేవారు. అది మలేరియానే. అది దోమతో వస్తుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టడానికి దారి దొరికింది ఎక్కడనుకున్నావ్? 1897లో, మన సికింద్రాబాద్‌లో. రెండు ఊళ్ళనీ కలపాలని నీకు ఉబలాటంగా ఉంది కదా, కలపడానికి నిజమైన ముడి ఇలాంటిది. "గోదావరి ఒడ్డున కూర్చున్నట్టే అనిపించింది" అన్నది ముడి కాదు, అది ఎవరైనా అంటారు.

మా మెర్సీ ఒడ్డున నిలబడితే అవతల బ్రాడ్‌వెల్ అణువిద్యుత్ కేంద్రం కనబడుతుంది. 1962 నుంచి 2002 దాకా కరెంటు ఇచ్చింది. దానికి నడిచి వెళ్ళేంత దూరంలో సెయింట్ పీటర్ చాపెల్ అనే చిన్న చర్చి ఉంది. పాడుబడ్డ రోమన్ కోట రాళ్ళతో క్రీ.శ. 654 ప్రాంతంలో కట్టింది. నీ ఫోటోలో చాపెల్ ఉంది, అణుకేంద్రం కత్తిరించేశావు. ఎందుకు? అలాగని "పాత, కొత్తల కలయిక" అని మాత్రం రాయకు. అక్కడికి వచ్చిన ప్రతివాడూ రాసేది అదే. రెండూ జనం అంతగా లేని మూల కాబట్టి అక్కడికి చేరాయా అని ఆలోచించు చాలు. అలాంటిదే షీర్‌నెస్ దగ్గర కూడా ఉంది. 1944లో మునిగిన రిచర్డ్ మాంట్‌గొమరీ అనే ఓడ స్తంభాలు నీళ్ళ పైకి కనబడుతూ ఉండేవి. అడుగున సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు. ఒడ్డున పిల్లలు ఐస్‌క్రీమ్ తింటూ ఉంటారు. ఈ తీరం మనుషుల స్వభావం ఆ ఐస్‌క్రీమ్‌లో ఎంతో కొంత ఉంది.

వాలసీ దీవి గురించి నీకు తెలిసినట్టు లేదు. లండన్ కింద క్రాస్‌రైల్ అనే రైలు మార్గానికి సొరంగాలు తవ్విన మట్టిలో 30 లక్షల టన్నులకు పైగా తెచ్చి అక్కడ పోశారు. నేలని ఎత్తుచేసి, 2015లో కరకట్టకి కావాలనే గండ్లు కొట్టి సముద్రాన్ని లోపలికి రానిచ్చారు. గండి పూడ్చడం కోసం ఊళ్ళకి ఊళ్ళు పరిగెత్తిన చోటు నుంచి వచ్చినవాళ్ళం, మనకి ఇది మింగుడుపడదు. కారణం ఉంది. సముద్రం పెరిగేకొద్దీ పర్ర వెనక్కి జరగాలి. వెనక కట్ట అడ్డమొస్తే రెండింటి మధ్యా నలిగి పోతుంది. పర్ర పోతే కెరటాల జోరు తగ్గించేది ఏదీ లేక కట్ట కూడా నిలవదు. చలికాలం వెళ్ళు, సైబీరియా నుంచి వచ్చిన బ్రెంట్ బాతులు అక్కడ మేస్తుంటాయి. వాటి అరుపు పక్కగదిలో పెళ్ళివారు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. వినకుండా రాయకు.

చివరికి మాల్డన్ యుద్ధం. 991లో సముద్రం మీద దండెత్తి వచ్చిన వైకింగులు నార్తీ దీవిలో, ఇక్కడి ఇంగ్లీషు దొర బిర్త్‌నాథ్ సైన్యం ఒడ్డున, మధ్యలో పోటు. నీళ్ళు తీసేదాకా ఎవరూ ఎవరినీ చేరలేక కేకలేసుకున్నారని దాని మీద ఉన్న పాత పద్యం చెబుతుంది. ఆటు వచ్చి బాట తేలాక బిర్త్‌నాథ్ వాళ్ళని దాటనిచ్చాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. నువ్వు కత్తుల గురించి ఒక పేజీ రాశావు. ఆ ఎదురుచూపు గురించి రాస్తే నేను చదువుతాను. ఆ బాట ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ పోటుకి మునుగుతుంది.

తిరగరాసి తీసుకురా, పోస్టులో పంపకు. వచ్చే పున్నమి మర్నాడు ఆదివారం పడింది, ఆ రోజు రా. మెర్సీకి ఒక్కటే రోడ్డు, స్ట్రూడ్ అంటారు, పెద్ద పోటుకి మునిగిపోతుంది. పదకొండున్నరలోపు దాటెయ్. ఆలస్యమైతే, ముందు కారు వెళ్ళింది కదా అని నువ్వు దింపకు. అవతలే ఆపుకుని, రెండు గంటలు కూర్చుని నీళ్ళు రావడం, పోవడం చూడు. ఎన్నింటికి ఎక్కడిదాకా వచ్చాయో రాసుకో. పులిహోర చల్లారినా బాగానే ఉంటుంది.

బూట్లు మోకాళ్ళ దాకా ఉన్నవి వేసుకో. పోయినసారి వేసుకొచ్చావే, ఆ తెల్లవి వద్దు.

మీ అక్క