వాహన సందేహాలు: వణుకు వేరు, లాగుడు వేరు

ప్రశ్న: కారు 80 దాటగానే స్టీరింగ్ వణుకుతోంది. 110 దాటితే కాస్త తగ్గుతోంది. వీల్ అలైన్‌మెంట్ చేయించినా వణుకు పోలేదు. అలైన్‌మెంటూ బ్యాలెన్సింగూ ఒకటి కావా?
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: కావండి. మీరు చెప్పిన వణుకుకు ముందు చూడాల్సింది బ్యాలెన్సింగ్. టైరూ రిమ్మూ కలిసిన చక్రానికి చుట్టూ బరువు సమానంగా ఉందా లేదా అన్నది అందులో తేలుతుంది. చక్రాన్ని ఊడదీసి మెషిన్‌కు ఎక్కించి చేస్తారు. అలైన్‌మెంట్ అలా కాదు. చక్రాలు కారుకే ఉండగా అవి ఏ కోణంలో నిలబడ్డాయో కొలిచి సరిచేస్తారు. కోణాలు ఎంత సరిగ్గా ఉన్నా, బరువు ఒకవైపు ఎక్కువైన చక్రం వణుకుతూనే ఉంటుంది.

15 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉందనుకోండి. 100 వేగంలో చక్రం సెకనుకు 14, 15 చుట్లు తిరుగుతుంది. అప్పుడు ఆ 30 గ్రాములే చక్రాన్ని దాదాపు 5 కిలోల బలంతో బయటికి గుంజుతుంటాయి. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది కాబట్టి, 40లో ఇది కిలో కూడా ఉండదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఏమీ తెలియకపోవడానికి కారణం అదే. చుట్ల వేగం సస్పెన్షన్ సహజంగా ఊగే వేగంతో కలిసిన చోట వణుకు బాగా పెరిగి, అది దాటాక తగ్గుతుంది.

వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలను, సీటు కింద తెలిస్తే వెనక చక్రాలను అనుమానించండి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తే అది బ్రేక్ డిస్కుల పని. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వచ్చి, కాలు తీయగానే పోతే ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ చూడాలి. ఈ రెండూ బ్యాలెన్సింగ్‌తో తగ్గవు.

షాపులో దగ్గరుండి చూసుకోండి. రిమ్ము లోపలివైపు ఎండి అంటుకున్న మట్టిని ముందు గీకించాలి. నల్లరేగడి దారుల్లో తిరిగే కార్లకు ఆ మట్టే వణుకు తెప్పిస్తుంది. బరువు సరిచేయడానికి రిమ్ముకు ఇంతకుముందు తగిలించిన పాత వెయిట్లన్నీ తీసేయాలి. మెషిన్‌కు మూడు కొలతలు ఇవ్వాలి: మెషిన్ నుంచి రిమ్ముకు దూరం, రిమ్ము వెడల్పు, వ్యాసం. వీటిలో ఏది తప్పినా వెయిట్ లెక్క తప్పుతుంది. వెయిట్లు కొట్టాక చక్రాన్ని మళ్లీ తిప్పి, రెండు వైపులా సున్నా వచ్చేదాకా వదలకూడదు. చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండో తిప్పుడే. ఇనప రిమ్ముకు క్లిప్పు వెయిట్లు, అల్లాయ్‌కు అంటించేవి వాడతారు. అంటించే చోట తడి, దుమ్ము ఉంటే నాలుగు రోజుల్లో ఊడిపోతాయి. ఒకే చక్రానికి 60, 70 గ్రాములు అడుగుతోందంటే వెయిట్లు గుచ్చుకుంటూ పోకుండా, గాలి తీసి టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పించి మళ్లీ చూడమనండి. అప్పటికీ తగ్గకపోతే రిమ్ము వంగిందేమో, టైరు ఉబ్బిందేమో పరీక్షించాలి.

ప్రశ్న: నా హ్యాచ్‌బ్యాక్ ఎడమకు లాగుతోంది. ముందు ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగింది. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా మార్పు లేదు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అలైన్‌మెంట్‌లో మూడు కోణాలుంటాయి. పైనుంచి చూస్తే చక్రాల ముందు భాగాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం టో. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం ఒరిగి ఉండటం క్యాంబర్. పక్కనుంచి చూస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలి ఉండటం క్యాస్టర్. మన దగ్గర నడిచే చిన్న కార్లలో ఎక్కువ వాటికి, షాపులో టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) తిప్పి సరిచేయగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. మీ సమస్య తీరకపోవడానికి కారణం బహుశా ఇక్కడే ఉంది.

ముందు చక్రాల టో తప్పితే టైర్లు అరుగుతాయి, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. కారు ఒకవైపుకు లాగడం మాత్రం ఎక్కువగా రెండు వైపుల క్యాంబర్‌లోనో క్యాస్టర్‌లోనో తేడా వల్ల వస్తుంది. ఒక్క టైరే లోపలి అంచున నున్నగా అరిగిందంటే ఆ వైపు క్యాంబర్ మీద అనుమానం. పెద్ద గుంతలో పడో, డివైడర్‌కు తగిలో స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగం) కానీ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే భాగం) కానీ వంగి ఉండొచ్చు, బుష్ (కీలు దగ్గరి రబ్బరు) అరిగి ఉండొచ్చు. వాటిని మార్చకుండా ఎన్నిసార్లు టో తిప్పినా డబ్బు వృథా.

ముందు మీరే కొన్ని చూడండి. రెండు వైపులా గాలి డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకు వాలి ఉంటాయి కనుక కొద్దిపాటి ఎడమ లాగుడు మామూలే. వాలు లేని చదును రోడ్డు మీద పరీక్షించండి. తర్వాత ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి నడపండి (బాణం గుర్తున్న టైర్లను అలా మార్చకూడదు). లాగుడు కుడికి మారితే లోపం టైరులోనే. మారకపోతే, బ్రేకు పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి, రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి, తాకొద్దు. ఎడమ చక్రం బాగా వేడిగా ఉంటే ఆ వైపు క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసి ఉంటుంది. ఇవేవీ కాకపోతే మెకానిక్ దగ్గరకు వెళ్లి చక్రం పైకి లేపించండి. కుడి ఎడమ అంచులు పట్టుకుని ఊపితే ఆడితే టై రాడ్ ఎండ్, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడితే బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే కీలు) లేదా బేరింగ్. అవి వదులుగా ఉండగా అలైన్‌మెంట్ చేయనివ్వకండి, నిలవదు.

ప్రశ్న: ప్రతి 5 వేల కిలోమీటర్లకు అలైన్‌మెంట్ తప్పనిసరి అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: లక్షణమేమీ లేకపోతే 10 వేలకోసారి, టైర్లు మార్చి వేయించేటప్పుడు చూపించుకుంటే చాలు. గట్టి దెబ్బ తగిలినా, కారు తిన్నగా పోతుండగా స్టీరింగ్ వంకరగా ఉన్నా, టై రాడ్, స్ట్రట్, లోయర్ ఆర్మ్‌లలో ఏది మార్చినా వెంటనే చేయించాలి. నిర్లక్ష్యం చేస్తే ఖర్చు టైర్ల మీద పడుతుంది. ఒక చక్రం పావు డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరుకు 4 మీటర్లకు పైగా టైరును అడ్డంగా ఈడ్చినట్టే.

పని మొదలుపెట్టే ముందే కొలతల ప్రింటు అడగండి. అన్నీ పరిమితిలో ఉంటే ఏదీ తిప్పక్కర్లేదు. కొలతల్లో నిమిషాలు కనిపిస్తే 60 నిమిషాలు ఒక డిగ్రీ అని గుర్తుంచుకోండి. 10 నిమిషాలంటే 0.17 డిగ్రీ, 0.10 కాదు. టో తిప్పేటప్పుడు స్టీరింగ్‌ను తిన్నగా పట్టి ఉంచే బిగింపు పెట్టాలి, చివర్లో టై రాడ్ లాక్ నట్ బిగించాలి. పని అయ్యాక రెండో ప్రింటు తీసుకుని, మొదటిదాంతో కలిపి కారులోనే పెట్టుకోండి. కొన్నాళ్లకే అదే కొలత మళ్లీ తప్పితే, ఏ భాగం ఆడుతోందో ఆ రెండు కాగితాలు చూసి మెకానిక్ వెతకగలడు.