ప్రైజు ఎప్పుడూ ఆ ఇద్దరికే!

ప్రశ్న: వాలీబాల్ టీమ్‌కి కోచ్‌ని. మ్యాచ్ అయ్యాక బెస్ట్ ప్లేయర్‌కి ప్రైజు ఇస్తుంటాను, అది తిరిగి తిరిగి ఇద్దరు స్మాషర్లకే పోతోంది. మిగతా కుర్రాళ్లు ప్రాక్టీస్‌కి మొక్కుబడిగా వస్తున్నారు. ప్రైజు మానేయమంటారా?

జవాబు: మానేయక్కర్లేదండీ, దేనికిస్తున్నారో అది మార్చండి. మీ లిబెరోనే (వెనక వరసలో ఉండి బంతి కింద పడకుండా లేపేవాడు) చూడండి, రూల్ ప్రకారమే వాడు బ్లాక్ చేయకూడదు, నెట్ కన్నా ఎత్తులో ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు, మరి పాయింట్ల లెక్కన వాడికి ప్రైజు ఏ జన్మకి వస్తుంది? మోకాళ్లు చెక్కుకుపోయేలా పడి బంతి లేపినవాడికీ, బంతి తనకి రాదని తెలిసి కూడా ఎగిరి అవతలి బ్లాకర్లని తన వైపు లాగినవాడికీ నోట్‌బుక్‌లో గీతలు పెట్టించండి. తర్వాత అందరి ముందూ "రెండో సెట్‌లో బెంచీల దాకా పరిగెత్తి ఆ బంతి లేపావు చూడు" అనండి. ఉత్త శభాష్ ఎవరికీ గుర్తుండదు.

ప్రైజు ఆశ మాత్రం ముందే పెట్టకండి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే సైకాలజిస్టులు చిన్నపిల్లలకి బొమ్మలేస్తే బహుమతి అని ముందే చెప్పి ఇచ్చారు, తర్వాత ఆ పిల్లలకి బొమ్మల మీద సరదాయే తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లకి తగ్గలేదు.

అలాగని స్మాషర్లని చిన్నబుచ్చకండి, పాపం వాళ్లూ కష్టపడుతున్నారు. ప్రాక్టీస్ మ్యాచ్‌లో కాసేపు బయట కూర్చోబెట్టి ఆ నోట్‌బుక్ వాళ్ల చేతికే ఇవ్వండి.