రాజవంశాల చరిత్ర రాయబోయే తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

ఆస్ట్రియా, స్పెయిన్‌లను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. కానీ మొదటి పేరాలోనే “ఐదో చార్లెస్‌కు సగం యూరప్ వారసత్వంగా వచ్చింది” అని తేల్చేశావు. ఎలా వచ్చిందన్నదే కదా అసలు కథ!

1496లో చార్లెస్ తల్లి హువానా హాబ్స్‌బర్గ్ ఫిలిప్‌తో పెళ్ళి కోసం ఫ్లాండర్స్ (నేటి బెల్జియం ప్రాంతం) ఓడెక్కినప్పుడు, తల్లి ఇసబెల్లా ఏలే కాస్టీల్, తండ్రి ఫెర్డినాండ్ ఏలే అరగాన్ (రెండూ నేటి స్పెయిన్‌లోవి) వారసత్వంలో ఆమె కంటే ముందు అన్న హువాన్, అక్క ఇసబెల్ ఉన్నారు. 1497 అక్టోబరులో హువాన్ 19 ఏళ్ళకే సలమాంకాలో చనిపోయాడు. భార్య మార్గరెట్ అప్పటికి గర్భవతి, ఆ బిడ్డా దక్కలేదు. 1498 ఆగస్టులో, పోర్చుగల్ రాజును పెళ్ళాడిన ఇసబెల్ కొడుకును కని కన్నుమూసింది. ఆ పసివాడు మిగెల్ బతికుంటే కాస్టీల్, అరగాన్, పోర్చుగల్ మూడూ అతనివే. రెండేళ్ళు నిండకుండానే 1500 జూలైలో పోయాడు. అప్పటికి ఘెంట్‌లో చార్లెస్ ఐదు నెలలు కూడా నిండని చంటిపిల్లాడు.

అక్కడితో ఆగకు. 1504లో రాణి ఇసబెల్లా పోయాక ఫెర్డినాండ్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 1509 మేలో కొత్త భార్య జెర్మెయిన్‌కు కొడుకు పుట్టి కొన్ని గంటల్లోనే చనిపోయాడు. ఆ బిడ్డ దక్కి ఉంటే అరగాన్ వాడికి పోయేది, చార్లెస్‌కు తల్లి వైపు నుంచి కాస్టీల్ మాత్రమే మిగిలేది. ఆ కాలానికి “స్పెయిన్ రాజ్యం” అని ఒకే ముద్దగా రాయొద్దనేది అందుకే. రెండు రాజ్యాలు, వేర్వేరు చట్టాలు, వేర్వేరు సభలు. చార్లెస్ వచ్చాక కూడా అవి విడివిడిగానే నడిచాయి.

ఇలాంటిది రాయడానికి కూర్చునే ముందు ఒక పెద్ద కాగితం మీద వంశవృక్షం గియ్యి. ఆడపిల్లల్ని వదలకు, పురిట్లోనే పోయిన బిడ్డల్నీ వదలకు. ప్రతి పేరు కింద పుట్టిన, పెళ్ళయిన, చనిపోయిన తేదీలు వెయ్యి. తర్వాత 1497, 1500, 1509, ఫెర్డినాండ్ పోయిన 1516లకు ఒక్కో నకలు తీసి, ఆనాటికి చనిపోయినవాళ్ళను కొట్టెయ్యి. ఆ ఏడాది గురించి రాసేటప్పుడు ఆ నకలు ఒక్కటే ఎదురుగా పెట్టుకో. చార్లెస్ చక్రవర్తి అవుతాడని 1497లో ఎవరికీ తెలియదు, నీ వాక్యానికీ తెలియకూడదు.

పెళ్ళిళ్ళ దగ్గర ఇంకో చిక్కుంది. చార్లెస్ కొడుకు రెండో ఫిలిప్ 1570లో చెల్లెలి కూతురు ఆనాను చేసుకున్నాడు. అతని మనవడు నాలుగో ఫిలిప్ కూడా 1649లో చెల్లెలి కూతురినే, అదీ చనిపోయిన తన కొడుక్కి నిశ్చయమైన పిల్లను చేసుకున్నాడు. మేనరికాలు ఎరిగిన మన పాఠకులకు ఇందులో వింతేమీ కనిపించదు. అక్కడ అది చర్చి నిషేధించిన వరస, పోప్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప చెల్లదు. ఆ మాట నువ్వే చెప్పాలి.

రేపు ఇంగ్లండ్ మీద రాస్తే క్యాలెండర్‌తో జాగ్రత్త. మొదటి ఎలిజబెత్ మరణం 1603 మార్చి 24. అప్పట్లో ఇంగ్లండ్‌లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది కాబట్టి ఆనాటి కాగితాల్లో అది 1602. పది రోజులు ముందుండే కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్ పాటించిన స్పెయిన్ లెక్కలో ఏప్రిల్ 3. ఏ లెక్క వాడుతున్నావో మొదట్లోనే చెప్పి చివరిదాకా అదే పాటించు.

చివరగా హువానా. “పిచ్చి రాణి” అని ఒక్క ముక్కలో తోసేశావు. 1509 నుంచి కాస్టీల్‌లోని టోర్డెసిల్యాస్ అనే ఊళ్ళో నిర్బంధంలో ఉన్నా, 1555లో చనిపోయేదాకా చట్టం దృష్టిలో కాస్టీల్ రాణి ఆమే. పత్రాల్లో కొడుకు పేరుతోపాటు ఆమె పేరూ ఉండేది. 1520లో చార్లెస్ మీద తిరగబడ్డ కాస్టీల్ తిరుగుబాటుదారులు ఆ ఊరు పట్టుకుని ఆమె సంతకం కోసం ప్రాధేయపడ్డారు. ఆమె పెట్టలేదు. పెట్టి ఉంటే చార్లెస్ అధికారానికి కాస్టీల్‌లో చట్టబద్ధత ఏం మిగిలేదో ఆలోచించి, ఆ పేజీ మళ్ళీ రాసి పంపు.

ఇట్లు,
మీ అన్నయ్య