అమ్మానాన్నలతో ఆర్వీలో రాకీ పర్వతాలకు

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. జూన్ నెలాఖరుకి గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. ఇద్దరికీ డెబ్బై దాటింది, నాన్నకు బీపీ ఉంది. ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం. పది రోజులు ఆర్వీలో (మంచాలు, వంటగది, బాత్రూమ్ ఉండే పెద్ద బండి) రాకీ మౌంటెన్, గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్, గ్లేసియర్ నేషనల్ పార్కులు నాలుగూ చుట్టి రావాలని ఉంది. 32 అడుగుల బండి చూశాం. అమ్మ బయట తిండి ముట్టదు. ఇది కుదిరే పనేనా చెప్పండి. – ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: కుదురుతుందండీ, గ్లేసియర్‌ని వదిలేస్తే. అది ఎల్లోస్టోన్‌కి ఇంకో నాలుగొందల మైళ్ల అవతల ఉంది. పైగా అక్కడ అందరూ చూడాలనుకునే గోయింగ్ టు ది సన్ రోడ్డు పై భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. అంత దూరం వెళ్లి బండి కింద ఆపి బస్సెక్కాలి. పెద్దవాళ్లను అంత తిప్పడం నాకైతే ఇష్టం లేదు.

బండి డల్లాస్‌లో తీసుకోకండి. ఎనిమిదొందల మైళ్లు మైదానంలోనే పోతాయి. డెన్వర్ దాకా విమానంలో వెళ్లి అక్కడ అద్దెకు తీసుకోండి. 32 అడుగులు వద్దు, 25 అడుగుల క్లాస్ సి రకం బండి చాలు. డ్రైవర్ నెత్తిమీది అటక మంచం పిల్లలది, వెనక మంచం అమ్మానాన్నలది, డైనింగ్ బల్ల మడిస్తే మీ ఇద్దరిది. మా అత్తమామలను నేను అలాగే తిప్పాను. రాత్రిపూట బాత్రూమ్ రెండడుగుల్లో ఉంటే పెద్దవాళ్లకు అదే పెద్ద ధైర్యం. ఒక్క మాట మాత్రం ఖచ్చితం: బండి కదులుతుంటే ఎవరూ మంచం మీద ఉండకూడదు, అందరూ బెల్టు పెట్టుకోవాలి.

మొదటి రెండు రాత్రులు రాకీ మౌంటెన్ పార్కు పక్కనున్న ఎస్టెస్ పార్క్ ఊళ్లో ఉండండి. అది 7,500 అడుగుల ఎత్తు. వచ్చిన రోజే రాకీ మౌంటెన్ పార్కులోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కకండి. అది 12,183 అడుగులకు పోతుంది. నాన్నగారికి ఆయాసం, తలనొప్పి లేవని చూసుకుని మర్నాడు పొద్దున్నే ఎక్కండి, తేడాగా ఉంటే వెంటనే దిగిపోండి. బీపీ మందుల సంగతి గుంటూరులోనే డాక్టరుతో మాట్లాడించండి. దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే ఉండకండి, గేరు తగ్గించండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకులు వేడెక్కిన వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి.

అక్కణ్ణించి వయోమింగ్ రాష్ట్రంలోని లారమీ, రాలిన్స్ ఊళ్ల మీదుగా లాండర్‌లో ఒక రాత్రి. ఐ-80 హైవే మీద గాలి ఎత్తు బండ్లను పక్కకు తోసేస్తుంది, అందుకని తెల్లారకముందే బయల్దేరండి. తర్వాత డుబోయిస్, టొగ్వొటీ కనుమ మీదుగా టీటన్. కనుమ దిగుతుంటే మంచు కొండలు ఒక్కసారిగా ఎదురుగా లేస్తాయి, మీ అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. జాక్సన్ పక్కనున్న టీటన్ పాస్ జోలికి మాత్రం వెళ్లకండి, పది శాతం వాలు.

టీటన్‌లో కోల్టర్ బే ఆర్వీ పార్కులో రెండు రాత్రులు, ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్‌లో మూడు. రెండింటిలోనూ కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు ఉంటాయి. ఎల్లోస్టోన్‌లో అవి ఉన్న క్యాంపు ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. ఎలుగుబంట్ల తావు కాబట్టి అక్కడ గుడారాలు వేయనివ్వరు. ఇవి నెలల ముందే నిండిపోతాయి. ముందు ఇవి దొరికాకే విమానం టికెట్లు కొనండి.

ఇక అమ్మగారి వంట. ఫిషింగ్ బ్రిడ్జ్ ఎత్తులో నీళ్లు దాదాపు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకుపలుకుగా ఉంటుంది, పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. కుక్కర్ తప్పనిసరి. లాండర్ వెళ్లే రోజుకి పులిహోర కలిపి పెట్టుకోండి. గిన్నెలు, ఆవకాయ జాడీ, ఆఖరికి చెత్త సంచీ కూడా బయటి బల్ల మీద వదలకూడదు. ఎలుగుబంటికి ఒకసారి మనిషి తిండి అలవాటైతే చివరికి దాని ప్రాణానికే ముప్పు.

బండిలో గీజర్ ఆరు గ్యాలన్లదే ఉంటుంది. ఆరుగురూ వరసగా స్నానాలు పెట్టుకోకండి, క్యాంపులో స్నానాల గదులుంటే అవి వాడుకోండి. ట్యాంకులు ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తర్వాత సింకు నీళ్ల ట్యాంకు. ఆ నీళ్లే పైపును కడిగేస్తాయి. గ్లవ్స్ మర్చిపోకండి.

తిరుగుదారి కోడీ మీదుగా. థర్మోపొలిస్‌లో ఒక రాత్రి ఆగండి. అక్కడి స్టేట్ బాత్ హౌస్‌లో వేడినీటి ఊట స్నానం ఉచితం. అమ్మగారి మోకాళ్లకు హాయిగా ఉంటుంది. నాన్నగారు మాత్రం డాక్టర్ని అడిగాకే దిగాలి. మర్నాడు కాస్పర్ మీదుగా డెన్వర్. రోజంతా నడపాల్సిన రోజులు ఈ రెండే, ఇదీ లాండర్‌దీ.

పర్సు సంగతి ఒకటుంది. 2026 జనవరి నుంచి ఈ మూడు పార్కుల్లోనూ అమెరికాలో నివాసం లేనివారికి మనిషికి వంద డాలర్లు అదనపు రుసుము పెట్టారు. అమ్మానాన్నలకు అది వర్తిస్తుంది. ఏ పాస్ తీసుకుంటే కలిసొస్తుందో బయల్దేరేలోగా లెక్క చూసుకోండి.