‘ప్రభావం లేదు’ అని రాసిన ఫారం మీద సంతకం చేయవచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మా ఊరి ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీ (బడి చదువు తర్వాత వృత్తి విద్య, వయోజన విద్య నేర్పేది) పాలకమండలిలో నేను సభ్యురాలిని. వయోజనుల చదువుకు వచ్చే నిధి తగ్గిందని, ఇంగ్లీషు మాతృభాష కానివారికి సాయంత్రం నడిపే ఈసోల్ తరగతులు మూసేసి, పగటివి మాత్రమే ఉంచుతామంటున్నారు. దానికి జతచేసిన సమానత్వ ప్రభావ అంచనాలో, అంటే నిర్ణయం ఏ వర్గం వారికి ఎలా తగులుతుందో రాసే ఫారంలో, వయసు, వైకల్యం, జాతి, మతం, ఆడా మగా, ఇలా ప్రతి గడిలోనూ ‘ప్రభావం లేదు’ అని ఉంది. ‘నిబంధన అందరికీ ఒకటే’ అన్నది వారు చూపిన కారణం. నేను ఏమి అడగాలి?
— ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: అమ్మా, ఇప్పుడే సంతకం చేయకండి. ఇంగ్లండ్ కాలేజీలలో ఇలాంటి కాగితాలతోనే చాలాకాలం పనిచేశాను. ‘నిబంధన అందరికీ ఒకటే’ అన్న మాట కనిపించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఒకే నిబంధన కొందరిని మాత్రమే బయటికి నెట్టడాన్నే 2010 సమానత్వ చట్టం పరోక్ష వివక్ష అంటుంది. తగిన కారణం చూపలేకపోతే అది చట్టవిరుద్ధం.

2011లో జరిగింది చూడండి. జాబ్‌సీకర్స్ అలవెన్స్ వంటి, ఉద్యోగం వెతుక్కునేవారి భత్యాలు పొందేవారికే ఈసోల్ ఫీజు పూర్తిగా మాఫీ అని ప్రభుత్వం ప్రతిపాదించింది. చూడటానికి ఆడా మగా తేడా లేని నియమం. కానీ ఈసోల్ గదుల్లో కూర్చున్నది ఎవరు? భర్త చిన్న జీతంతో ఇల్లు నెట్టుకొస్తుంటే, పిల్లలను చూసుకుంటూ, తన పేరు మీద ఆ భత్యం ఏదీ లేని తల్లులు ఎందరో. దెబ్బ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుందని గొడవ రేగింది. ఆగస్టులో ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గి, పని కోసం చదివే ఇతర భత్యాల వారికీ ఉచితంగా నేర్పే వెసులుబాటు కాలేజీలకు ఇచ్చింది.

మతం గడి కూడా అంతే. 2013లో 24 ఏళ్లు దాటినవారి లెవెల్ 3, 4 (మన ఇంటర్, ఆపై స్థాయి) కోర్సులకు గ్రాంటు తీసేసి అప్పు పెట్టారు. వడ్డీ అప్పు తమ విశ్వాసానికి విరుద్ధమనుకునే ముస్లిం విద్యార్థికి అది మూసిన తలుపే.

మీ కాలేజీ సంగతికి వస్తాను. ఐఎల్‌ఆర్ (ప్రభుత్వానికి పంపే విద్యార్థుల వివరాల రికార్డు) కోసం ప్రతి విద్యార్థి వయసు, ఆడా మగా, జాతి, వైకల్యం వివరాలు కాలేజీ ఎలాగూ సేకరిస్తుంది. సాయంత్రం తరగతుల జాబితాను, పగటి జాబితాను పక్కపక్కన పెట్టి చూపమనండి. తేడా అక్కడే బయటపడుతుంది. ఐఎల్‌ఆర్ చెప్పనివి కొన్ని ఉంటాయి: పగలు పసిబిడ్డను ఎవరికీ అప్పగించలేని తల్లి, భర్త షిఫ్టు ముగించుకొని వచ్చాకే ఇల్లు కదలగలిగే ఆమె. అందుకు సాయంత్రం తరగతికే వెళ్లి, దుభాషీని వెంట పెట్టుకొని, నేరుగా అడగాలి. ఈ ఒక్కటి చేయని అంచనాను నేను అంచనాగా లెక్కపెట్టను.

ఇంగ్లండ్‌లో ఈ ఫారం నింపి తీరాలని చట్టంలో లేదు. 2010 సమానత్వ చట్టంలోని సెక్షన్ 149 కోరేది, నిర్ణయం తీసుకునే ముందే, తీసుకునేటప్పుడూ ఆ ప్రభావాన్ని నిజంగా పట్టించుకోవడం. 2013లో బ్రాకింగ్ కేసులో, వికలాంగుల నిధిని మూసేయాలన్న మంత్రి నిర్ణయాన్ని అప్పీలు కోర్టు ఈ కారణంతోనే కొట్టేసింది. కాబట్టి తరగతులు మూసేయాలని ముందే తేల్చుకున్నారా అని సూటిగా అడగండి. పేదరికానికి మాత్రం ఆ ఫారంలో సాధారణంగా గడి ఉండదు. సామాజిక, ఆర్థిక అసమానతను చూడాలన్న అదే చట్టంలోని సెక్షన్ 1 స్కాట్లండ్‌లో 2018లో, వేల్స్‌లో 2021లో అమలులోకి వచ్చింది గానీ ఇంగ్లండ్‌లో రాలేదు. అయినా ఆ ప్రశ్న వేయకుండా ఎవరూ మిమ్మల్ని ఆపలేరు.

డబ్బు లేదన్నది నిజమే కావచ్చు. అప్పుడు కనీసం ఒక సాయంత్రం తరగతిని నిలపడం, పగటికి మారేవారికి పిల్లల సంరక్షణ ఖర్చు ఇవ్వడం, ఎవరు మానేశారో ఒక టర్ము తర్వాత లెక్క చూడటం, ఈ మూడింటినీ తీర్మానంలో చేర్చమనండి. కాదంటే మీ అభ్యంతరాన్ని, దానికి వారిచ్చిన జవాబును సమావేశం మినిట్స్‌లో మాట మాటగా రాయించండి.